మేక బొమ్మ చాట్‌లో నడిచిన దారి

యాహూ మెసెంజర్ అనే చాట్ నడిచిన రోజుల్లో మేక బొమ్మ లేదు. పంది ఉండేది, ఆవు ఉండేది, కోతీ కోడీ ఉండేవి. నెట్ సెంటర్లో కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయినా ఆ గుర్తులు మాత్రం వేళ్ళకి కంఠతా వచ్చేవి. కోలన్, యాట్ గుర్తు, మూసే బ్రాకెట్ కొడితే :@) పంది. కోలన్, తెరిచే బ్రాకెట్, నిలువు గీత, మూసే బ్రాకెట్ కొడితే :(|) కోతి. అలగీత, కోలన్, కుడివైపు మొన కలిస్తే ~:> కోడి. ఆవుకి 3 అంకెతో మొదలుపెట్టి కోలన్, అడ్డగీత, చివర ఇంగ్లీషు ఓ అక్షరం. ఒక్క గుర్తు తప్పినా బొమ్మ కట్టేది కాదు, ఉత్త చుక్కలూ గీతలూ అవతలికి వెళ్ళేవి.

కోతి పంపితే ఎవరికీ కోపం వచ్చేది కాదు. మన ఇళ్ళల్లో కోతి అనేది సగం తిట్టు, సగం ముద్దు. పంది పంపితే మాత్రం అవతలి నుంచి జవాబు ఆగిపోయేది. బొమ్మలు రెండూ అమెరికాలో గీసినవే, ఆ గీతలో ఏ తేడా లేదు. తేడా అంతా మన నోళ్ళలో అప్పటికే ఉంది. 2018 జులై 17న ఆ మెసెంజర్ మూతపడింది కానీ, ఈ సంగతి మాత్రం వాట్సాప్ దాకా మన వెంటే వచ్చింది. ఇప్పుడు మేక బొమ్మకి పట్టిన మెప్పు, ఎగతాళి లాంటి అర్థాలన్నీ ఇక్కడి నుంచే చూడాలి.

మధ్యలో ఎస్సెమ్మెస్ కాలం ఒకటి నడిచింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 160, తెలుగు లిపిలో రాస్తే 70 అక్షరాలకే ఒక మెసేజ్ అయిపోయేది. అందుకే అందరం తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కుదించి రాయడం నేర్చాం. వెటకారం చేయాలంటే మాటలతోనే చేయాలి. 'అబ్బో', 'ఆహా', 'తమరు', 'దొరగారు' లాంటివి ఆ రోజుల్లో ఎంత పని చేశాయో చెప్పలేం. ఇప్పుడు బొమ్మ చేస్తున్న పని అప్పట్లో 'గారు' చేసేది.

మేక వచ్చింది 2010 అక్టోబరులో, అక్షరాలకీ బొమ్మలకీ సంఖ్యలిచ్చే పట్టిక యూనికోడ్ 6.0తో. దాని సంఖ్య 1ఎఫ్410. ముందు సంఖ్య పొట్టేలుది, తర్వాతి సంఖ్య గొర్రెది. పాము, మొసలి, దున్నపోతు, కళ్ళూ చెవులూ నోరూ మూసుకున్న మూడు కోతులు కూడా ఆ విడతలోనివే. ఐఫోన్‌లో 2011లో ఐఓఎస్ 5తో ఎమోజీ కీబోర్డు అందరికీ అందింది. ఆండ్రాయిడ్‌లో రంగు బొమ్మలు 2013 చివర్లో 4.4తో వచ్చాయి. అంతకు ముందు చాలా ఫోన్లకి మేక పంపితే డబ్బా కనిపించేది. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు అక్షరాలు కూడా డబ్బాలే కాబట్టి, 'నీ మెసేజ్ డబ్బాలు వస్తోంది' అనే మాట ఆ కాలమంతా వినిపించింది. వాట్సాప్ మాత్రం తన బొమ్మలు తానే వెంట తెచ్చుకునేది. అందుకే అదే ఫోన్లో వాట్సాప్‌లో మేక కనపడేది, మామూలు మెసేజ్‌లో కనపడేది కాదు.

ఆ మొదటి రోజుల్లో మేక అంటే మేకే. ఆదివారం పొద్దున్నే ఇంటి గ్రూపులో 🐐 పడిందంటే మటన్ తెస్తున్నారని. బక్రీద్ శుభాకాంక్షల్లో, బోనాల ఫోటోల కింద అదే బొమ్మ. ఎగతాళికి దాన్ని వాడాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. ఆ అమాయకత్వం ఎంతో కాలం నిలవలేదు కానీ, ఇప్పుడు తలుచుకుంటే మనసుకి హాయిగా ఉంటుంది.

దారి మళ్ళింది అమెరికా ఆటల వల్ల. మేకని పిలిచే గోట్ అనే ఇంగ్లీషు మాటకి అక్కడ అప్పటికే రెండు మలుపులున్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం అమెరికా ఆటల పేజీల్లో గోట్ అంటే ఓటమికి కారకుడని నింద పడ్డ ఆటగాడు. 1986 అక్టోబరు 25న బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో బిల్ బక్నర్ కాళ్ళ మధ్య నుంచి బంతి జారిపోయింది. ఆయన మీద పడిన ముద్ర ఆ మాటే. దాని మూలం స్కేప్‌గోట్. 1530లో విలియం టిండేల్ బైబిల్ తొలి గ్రంథాలని ఇంగ్లీషులోకి తెస్తూ కట్టిన మాట అది. మన పత్రికలు దాన్ని బలిపశువు అని రాస్తాయి. లేవీయకాండంలో ఉన్నవి రెండు మేకలు. ఒకదాన్ని బలిస్తారు, రెండోదాని మీద జనం పాపాలన్నీ మోపి ప్రాణాలతోనే అడవికి తోలేస్తారు. ఇంగ్లీషు మాట ఆ తోలేసిన మేకది. బలిపశువు అనేసరికి మనకి గుర్తొచ్చేది మొదటి మేక.

రెండో మలుపు బాక్సర్ మహమ్మద్ అలీది. తానే అందరిలోకి గొప్పవాణ్ణని ఆయన జీవితమంతా చాటాడు. 1992లో ఆయన భార్య లానీ అలీ 'గ్రేటెస్ట్ ఆఫ్ ఆల్ టైమ్' (అన్ని కాలాల్లోనూ అందరికన్నా గొప్ప) పేరుతో కంపెనీ పెట్టి, జీ, ఓ, ఏ, టీ అని పొడి అక్షరాల్లో రాశారు; కలిపి చదివితే గోట్. 2000లో ర్యాప్ గాయకుడు ఎల్‌ఎల్ కూల్ జే అదే పేరుతో ఆల్బమ్ తెచ్చాడు. 2018లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు ఈ అర్థాన్ని చేర్చుకుంది. ఆ ఏడాదే ఫుట్‌బాల్ ప్రపంచ కప్పులో స్పెయిన్ మీద గోలు కొట్టి రొనాల్డో గడ్డం నిమురుకుంటే, అది మేక గడ్డమేనని జనం చెప్పుకున్నారు. మెస్సీ ఒక పత్రిక కోసం మేకలతో ఫోటో దిగాడు. 2021 టోక్యో ఒలింపిక్స్‌కి జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ పేరుతో ట్విట్టర్ మేక బొమ్మే తయారు చేసింది. అక్కడి నుంచి ఐపీఎల్ గ్రూపుల్లోకి రావడానికి ఎంతసేపు? సెంచరీ కొట్టిన ప్రతివాడి పేరు పక్కనా మేక.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ పొగడ్త తెలుగులో నిలబడేది కాదు. మేక బొమ్మ చూడగానే మనకి మెదిలేది మేక అనే మాట. పొగడ్త చేరాలంటే ఇంకా మూడు మెట్లు ఎక్కాలి. మేకని ఇంగ్లీషులో గోట్ అంటారు. ఆ గోట్‌ని నాలుగు అక్షరాలుగా విడదీయాలి. ఆ నాలుగూ ఏ మాటల మొదటి అక్షరాలో తెలిసి ఉండాలి. పదిహేనేళ్ళ పిల్లలు ఈ మెట్లన్నీ ఒక్క అంగలో ఎక్కేస్తారు. అరవై ఏళ్ళవారు మెట్లెక్కకుండా మేక అనే మాట దగ్గరే ఆగుతారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఆ మాట దగ్గర మన భాష వాళ్ళకోసం చాలానే పరిచి ఉంచింది.

అక్కడ ఉన్నవి చూడండి. మేకపోతు గాంభీర్యం: లోపల బెదురు, పైకి బింకం. మేకవన్నె పులి: సాధువులా కనిపించే క్రూరుడు. మేక మెడ చన్నులు: ఉన్నాయన్న మాటే గానీ పాలకీ కావు, పనికీ కావు. మేకలా అరవడం: పాట బాగా లేదని. మేకలా నమలడం: పొద్దస్తమానం ఏదో ఒకటి తింటున్నాడని. బలిమేక: పూలదండ వేసి పసుపు కుంకుమ పెట్టేసరికి మర్యాద చేస్తున్నారనుకునే అమాయకుడు. వీటిలో ఒక్కటి కూడా పొగడ్త కాదు. అంటే తెలుగులో మేక బొమ్మకి వెటకారం బయటి నుంచి అంటలేదు, మేక అనే మాటలో మొదటి నుంచీ ఉన్నదే. బయటి నుంచి వచ్చింది పొగడ్త. ఇంగ్లీషు లోకంలో ముందు పొగడ్త స్థిరపడి, తర్వాత దాన్ని తిరగేసి ఎగతాళికి వాడారు. మన దగ్గర ఆ బొమ్మ పొగడ్తగా వచ్చిన రోజు నుంచే రెండు నాలుకలది.

చూపు లేనివాళ్ళకి తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ లాంటి సదుపాయాల దగ్గర ఇది మరీ తేటగా తెలుస్తుంది. ఫోన్ ఇంగ్లీషులో ఉంటే ఆ బొమ్మని 'గోట్' అని చదువుతుంది. మాటలోని కిటుకు చెవికి అందుతుంది. ఫోన్ తెలుగులో పెట్టుకుంటే 'మేక' అని చదువుతుంది. ఐదు బొమ్మలు పెడితే మేక, మేక, మేక, మేక, మేక. పొగడ్త దారిలోనే జారిపోతుంది, మంద మిగులుతుంది. కంటితో చూసేవాళ్ళు తమకి తెలియకుండానే చేసుకునే అనువాదాన్ని ఆ గొంతు పైకి వినిపిస్తుంది. ఎవరినైనా మెచ్చుకోవడానికి మేకలు గుప్పించే ముందు, ఆ గ్రూపులో విని చదివేవాళ్ళున్నారేమో ఒకసారి చూసుకోవాలి. ఒక బొమ్మ, పక్కన ఒక మాట చాలు.

పొగుడుతూ తిట్టడం మనకేమీ కొత్త కాదు. అలంకార శాస్త్రంలో దానికి పేరే ఉంది, వ్యాజస్తుతి. అందులో రెండు ముఖాలు: పైకి నింద, లోపల స్తుతి; పైకి స్తుతి, లోపల నింద. కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళాంధ్రదేవుణ్ణి పద్యం పద్యానా దెప్పుతూ కొలిచింది మొదటి దారి. డకౌటైన ఆటగాడికి మేక పెట్టడం రెండో దారి. అభిమానులు తమ సొంత ఆటగాణ్ణే, వరసగా నాలుగు ఆటలు తడబడ్డాక, 'మా మేక మేత మర్చిపోయింది' అని నిట్టూర్చడం మళ్ళీ మొదటి దారి. ఈ రెండింటినీ కలిపేసి చదవడం వల్లే గ్రూపుల్లో సగం గొడవలు.

మరి చదవడం ఎలా? ముందు చూడాల్సింది బొమ్మ కాదు, టైము. మెసేజ్ కింద ఉన్న నిమిషాన్నీ స్కోరునీ పక్కపక్కన పెట్టాలి. వికెట్ పడిన నిమిషంలోపు వచ్చిన ఒంటి మేక ఎగతాళి. ఆట ముగిసి కప్పు ఎత్తుకున్నాక వచ్చింది మెప్పు. తర్వాత పంపినవారు ఎవరి జట్టో చూడాలి. అవతలి జట్టువాళ్ళు మాటల్లేకుండా మేక పెట్టారంటే మెచ్చుకోవడం అరుదు. ఆ తర్వాత పక్కనున్న బొమ్మలు. మేక పక్కన బాతు ఉంటే సున్నాకి అవుటయ్యాడని; బాతు 2016లో చేరింది, అప్పటి నుంచి ఈ జంట విడిపోలేదు. మేక పక్కన కత్తి ఉంటే బలిమేక. ఇది ఆటల గ్రూపుల కన్నా ఆఫీసు గ్రూపుల్లో ఎక్కువ: ఎవరూ తీసుకోని పనిని 'నీ మీద నమ్మకం' అని ఒకరికి అప్పగించినప్పుడు, పెద్దలు లేని చిన్న గ్రూపులో పడుతుంది. మేక పక్కన దండం ఉంటే మటుకు చాలా జాగ్రత్తగా చదవాలి. నిజమైన భక్తీ అలాగే ఉంటుంది, పచ్చి వెటకారమూ అలాగే ఉంటుంది.

లెక్క గురించి చాలామంది పొరపడతారు. ఎక్కువ మేకలుంటే ఎగతాళి అనుకుంటారు. అదేం లేదు, అసలైన అభిమానులు పదీ పదిహేనూ పెడతారు. లెక్క వల్ల మారేది సైజు. వాట్సాప్‌లో మాటల్లేకుండా ఒక్క బొమ్మే పంపితే పెద్దగా కనిపిస్తుంది, మూడు దాటితే మామూలు అక్షరాల సైజుకి తగ్గిపోతుంది. అందుకే గుచ్చాలనుకున్నవాళ్ళు ఒక్కటే పంపుతారు. తెర నిండా తెల్ల మేక ఒక్కటే, మాట లేదు, చుక్క లేదు. ఆ నిశ్శబ్దమే గుచ్చుకునేది.

ఇంకో తేలికైన పొరపాటు వేళ్ళది. కీబోర్డులో పొట్టేలు, గొర్రె, మేక దగ్గర దగ్గరే ఉంటాయి. చిన్న తెర మీద కొమ్ములు చూసి నొక్కితే పొట్టేలు పడుతుంది, తెలుపు చూసి నొక్కితే గొర్రె పడుతుంది. పొట్టేలుతో ప్రమాదం లేదు. గొర్రెతో ఉంది. తెలుగులో గొర్రె అంటే ముందువాడు ఎటు పోతే అటు పోయేవాడు, కసాయివాణ్ణే నమ్మేవాడు. అభిమాన నటుడి పుట్టినరోజున అభిమానుల గ్రూపులో మేక అనుకుని గొర్రె పెడితే, అది నటుడికి కాదు, గ్రూపంతటికీ తగులుతుంది. వెతుకులాట గడిలో పేరు కొట్టి తెచ్చుకుంటే ఈ తప్పు జరగదు.

అసలైన చిక్కు ఇంటి గ్రూపుల్లో. పెళ్ళిలో తాను పాడిన పాట వీడియో పెదనాన్న గారు పెట్టారనుకుందాం. బీటెక్ చదివే తమ్ముడి కూతురు ముచ్చటపడి దాని మీద మేక రియాక్షన్ నొక్కింది. 2022 మేలో వాట్సాప్‌కి రియాక్షన్లు వచ్చినప్పుడు ఉన్నవి ఆరు బొమ్మలే: బొటనవేలు, గుండె, నవ్వు, ఆశ్చర్యం, కన్నీరు, దండం. ఆ ఆరింటిలో దేన్ని నొక్కినా పెద్దగా పేచీ రాదు. జులై నుంచి ఏ బొమ్మైనా పెట్టొచ్చన్నారు. మేక అలా దూరింది. రియాక్షన్ పెడితే ఆ కబురు గ్రూపు అందరికీ మోగదు, వీడియో పెట్టినవారికే మోగుతుంది. ఫోన్ తెరవకముందే, తాళం తెర మీదే, పెదనాన్న గారికి తన పాట పక్కన మేక కనిపిస్తుంది. పాట, మేక. ఆయన ఏమనుకుంటారో వేరే చెప్పాలా? పిల్ల నోట ఒక్క మాట కూడా లేదు కాబట్టి, ఆ ఖాళీని ఆయనకి తెలిసిన సామెత నింపేస్తుంది.

దిద్దుకోవడానికీ పద్ధతి ఉంది. రియాక్షన్ తీసేయడం తేలికే కానీ, ఆయన అప్పటికే చూసి ఉంటే తీసేయడం ఇంకా అనుమానం పెంచుతుంది. దాన్ని అలాగే ఉంచి, వీడియోని కుడివైపు జరిపి దానికే జవాబుగా 'పెదనాన్నా, మీ పాటకి తిరుగు లేదు. ఈ మేకకి ఇంగ్లీషులో అందరికంటే గొప్పవారని అర్థం' అని రాయాలి. మేకని మెసేజ్‌గా పంపి ఉంటే, 15 నిమిషాల లోపు దాన్నే ఎడిట్ చేసి మాట చేర్చవచ్చు. ఈ వీలు 2023 మే నుంచి ఉంది. అందరికీ డిలీట్ చేసే గడువు 2017లో ఏడు నిమిషాలు, ఇప్పుడు రెండు రోజుల పైచిలుకు. కానీ డిలీట్ చేసిన చోట ఆ సంగతి చెప్పే బూడిదరంగు వాక్యం మిగులుతుంది. పెద్దవాళ్ళ గ్రూపులో ఆ వాక్యం మేక కన్నా ఎక్కువ బాధపెడుతుంది. ఏదో అనేసి తుడిచేశారని అనుకుంటారు.

స్క్రీన్‌షాట్లు ఇంకో తలనొప్పి. టైమూ స్కోరూ కత్తిరించేసి, మేక ఉన్న వరస ఒక్కటే ఇంకో గ్రూపుకి పంపితే మెప్పు ఎగతాళిగానూ, ఎగతాళి మెప్పుగానూ మారిపోతాయి. మేక పెట్టాలనుకుంటే దేనికి పెడుతున్నామో ఆ మెసేజ్‌కే జవాబుగా పెట్టడం మంచిది. కత్తిరించినా రెండూ కలిసే ఉంటాయి.

మిగతా జంతువుల సంగతి ఇంత మెలిక కాదు, వాటికి ఇంగ్లీషు పోటీ తక్కువ. దున్నపోతు పక్కన వాన మేఘం పెడితే తెలుగువారెవరికీ వివరణ అక్కర్లేదు. ఎన్నిసార్లు చెప్పినా కదలనివాడికి అంతకన్నా సరైన బొమ్మ లేదు. పిల్లి పక్కన పాలగ్లాసు, కళ్ళు మూసుకుని తాగుతున్నవాడికి. నక్క 2016లో వచ్చింది. బయటివారికి అది జిత్తులమారితనమే, మనకి మాత్రం లాటరీ తగిలినవాడికీ అదే పెట్టవచ్చు, తోక తొక్కాడని. ఊసరవెల్లికి బొమ్మే లేదు, బల్లితో సర్దుకుంటున్నాం. గాడిద మరీ ఆలస్యం, చాలా ఫోన్లలోకి 2023 నుంచే వచ్చింది. వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడని చెప్పుకునే మనం అన్నేళ్ళు గుర్రంతో నెట్టుకొచ్చాం. నల్లపక్షి కూడా అప్పుడే వచ్చింది, కాకికి పనికొస్తుంది. అయితే అది రెండు గుర్తులని కనపడని ముడితో కలిపి చేసినది. పాత ఫోన్లలో ముడి విడిపోయి మామూలు పిట్టా, పక్కన నల్ల చదరమూ వస్తాయి.

మేక దగ్గరికే వస్తే, చిన్నప్పుడు చదివిన బ్రాహ్మడి కథ గుర్తొస్తుంది. భుజాన మేకపిల్లని వేసుకుని పోతుంటే ఒకడు కుక్కని మోస్తున్నావేమంటాడు. కొంత దూరం పోయాక ఇంకొకడు, ఆ తర్వాత మూడోవాడు. మూడోవాడి దగ్గరికి వచ్చేసరికి బ్రాహ్మడు మేకని దింపేసి వెళ్ళిపోతాడు. గ్రూపులో బొమ్మకి అర్థం మారేది సరిగ్గా ఇలాగే. మొదటివాడు వెటకారంగా పెడతాడు, ఎవరికీ పట్టదు. రెండోవాడు అదే చోట అదే విధంగా పెడతాడు. మూడోవాడు పెట్టాక నాలుగోవాడు మెచ్చుకోవడానికి దాన్ని వాడలేడు, భుజం మీంచి దింపేయాల్సిందే. కొన్ని క్రికెట్ గ్రూపుల్లో ఒక్క సీజన్‌లోనే మేక ఇలా పూర్తిగా ఎగతాళికి వెళ్ళిపోయింది. పక్క గ్రూపులో అదే బొమ్మ ఇంకా పూజలందుకుంటోంది. రెండింటిలోనూ ఉన్నవాళ్ళు ఏ గ్రూపులో ఉన్నారో చూసుకుని నొక్కాలి.

ఈమధ్య కొందరు పిల్లలు బొమ్మ మానేసి, తెలుగు లిపిలోనే 'మేక' అని రాస్తున్నారు. 'మా మేక అన్న దిగాడు', 'మేక ఇన్నింగ్స్'. తెలంగాణ పిల్లలైతే నోట పలికినట్టే 'మ్యాక' అని రాస్తారు. ఇంగ్లీషు పొడి అక్షరాల నుంచి బొమ్మలోకి, బొమ్మ నుంచి మళ్ళీ తెలుగు మాటలోకి వచ్చేసింది. మాట తిరిగొచ్చాక దాని పాత చుట్టాలూ వెంటే వస్తారు కదా. అదే గ్రూపులో ఉన్న బాబాయి ఒకరు 'ఏ మేక రా, గాంభీర్యం ఉన్నదేనా?' అని అడుగుతారు. ఆటగాడు ఇంకా క్రీజులో ఉంటే పిల్లలు జవాబివ్వరు, ఓవర్ అయ్యేదాకా ఆగుతారు.